అమ్మ పరుగుకు అందే బండి

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా ఇంట్లో అనకూడని మాట ఒకటుండేది. అది 'బండి'. అమ్మ ఒక పెద్ద దవాఖానాలో నర్సు. డ్యూటీ ఎక్కువగా ప్రమాదాల వార్డులోనే. ఈ ఊళ్లో రెండు చక్రాల మీద తిరిగేవాళ్లందరూ ఏదో ఒకరోజు స్ట్రెచర్ ఎక్కి తన దగ్గరికి రావాల్సినవాళ్లేనని ఆమె గట్టి నమ్మకం. బస్సు కిటికీలోంచి స్కూటర్ల మీద వెళ్లేవాళ్లను చూస్తూ, "ఇతనికి మోకాలు, ఆ అబ్బాయికి జబ్బ" అని ముందే మంచాలు కేటాయించేది. పక్కనున్నవాళ్లు వింటున్నారని నేను సిగ్గుపడేదాన్ని.

నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని గుంటూరు నుంచి వచ్చి బోరబండలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుంది. మేము మేడ మీద, ఇంటావిడ కింద. ఆమెను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. యాభై దాటినావిడ, భర్త లేడు, ఇద్దరు కూతుళ్లనూ అత్తవారిళ్లకు పంపేసింది. నేను సాయంత్రం ఇల్లు చేరగానే ఆ రోజు ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పించుకోకపోతే ఆమెకు అన్నం సయించేది కాదు.

నా ఉద్యోగం హైటెక్ సిటీలో, అప్పుడే కట్టిన గుండ్రటి భవనంలో. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు మా చెవుల్లోకి వచ్చేవి. వాటిని విని టైపు చేయాలి. ఇంట్లో అమ్మ నోట విని విని రోగాల పేర్లూ మందుల పేర్లూ నాకు కూరగాయల పేర్లలా అలవాటైపోయాయి. ఆ ఉద్యోగం రావడానికి నా డిగ్రీ కన్నా అదే ఎక్కువ పనికొచ్చింది.

మా డాబా ఎక్కి చూస్తే బండరాళ్ల గుట్టల అవతల ఆ భవనం కనిపించేది. చెయ్యి చాపితే తగిలేటట్టు ఉండేది. అక్కడికి చేరడం మాత్రం ఒక ప్రయాణం. ముందు ఎర్రగడ్డ దాకా వెనక్కి పోయి, అక్కడ ఇంకో బస్సు కోసం నిలబడి, అది వచ్చాక ఎక్కడానికి చోటు దొరికితే ఎక్కి, ఊరంతా చుట్టి మాదాపూర్‌లో దిగి, అక్కణ్నుంచి ఎర్రమట్టిలో నడవాలి. గుట్టల మధ్య నుంచి అడ్డదారి ఉంది కానీ ఆ దారిన బస్సు లేదు, పొద్దున పూట ఆటోలు రావు.

తొంభై తొమ్మిది చలికాలం మొదట్లో ఒకరోజు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ నా కాలి చెప్పు ఒకటి జారి రోడ్డు మీద పడిపోయింది. బస్సు ఆగలేదు. రెండో చెప్పు ఉండీ ఏం లాభం, దాన్ని కూడా విడిచి సంచిలో పెట్టుకున్నాను. అద్దంలా మెరిసే మా ఆఫీసు నేల మీద వట్టికాళ్లతో నడిచి వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ఏసీ చలికి పాదాలు గడ్డకట్టి, రోజంతా ఒక కాలు మీద ఇంకో కాలు వేసి రుద్దుకుంటూ ఎవరిదో గుండె ఆపరేషన్ గురించి టైపు చేశాను. మధ్యాహ్నం మా టీమ్ లీడర్ నా బల్ల దగ్గర ఆగి, నా కాళ్ల వైపు చూసి, "మీకేమైనా మొక్కు ఉందా?" అని చాలా మర్యాదగా అడిగాడు. అవునన్నాను.

ఆ సాయంత్రం భోజనం దగ్గర అనకూడని మాట అనేశాను.

"అమ్మా, నేను బండి కొనుక్కుంటాను."

అమ్మ పప్పు వడ్డిస్తున్న గరిటె ఆపలేదు. పచ్చడి కూడా వేసింది. తర్వాత నింపాదిగా అంది: "కొనుక్కో. కాకపోతే నేను పరిగెత్తితే అందుకోగలిగే బండి చూసుకో."

"అలాంటి బండి ఎక్కడుంటుందమ్మా?"

"లేకపోతే కొనకు."

మర్నాడు పెద్దమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "సిస్టరమ్మ ముందుగాల ఒక బండిని సూడాలె బిడ్డా," అంది. "సూస్తే మనసు కరుగుతది. చందానగర్ల మా చుట్టపాయన దోస్తు ఒకడు మోపెడ్ అమ్ముతుండట. కొత్తగనే ఉన్నదట. ఐతారం పోదాం."

ఆదివారం అమ్మా నేనూ చర్చి నుంచి వచ్చాక ముగ్గురం బస్సెక్కి చందానగర్ వెళ్లాం. అమ్మ ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. బండిలో లోపం పట్టుకోవడానికి. ముంబై రోడ్డు మీద బజారులో ఆ మోపెడ్ ఆయనది ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. బకెట్లు, మగ్గులు, తొట్లు పై కప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి ముందు నీలం రంగు మోపెడ్, సీటు మీద కవరు కూడా తీయలేదు. చూడగానే నాకు మతిపోయింది. హ్యాండిల్ పట్టుకుని చూశాను, హారన్ కొట్టి చూశాను. పెద్దమ్మ నా వైపు చూసి కన్ను గీటింది.

అమ్మ మాత్రం బండిని చూడటం లేదు. దుకాణం ఆయన ముఖాన్ని చూస్తోంది.

"మీరు ఒకసారి గడ్డం పైకెత్తండి," అంది.

ఆయన బిత్తరపోయి గడ్డం పైకెత్తాడు. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వెళ్లింది.

"ఈ కుట్లు వేసేటప్పుడు మీ తల పట్టుకున్నది నేనే."

ఆయన అమ్మను ఎగాదిగా చూశాడు. ముఖం విప్పారింది. "అరే, మీరా సిస్టరమ్మా. యూనిఫారం లేకపాయె, గుర్తువట్టలే. నేను ఏడుస్తుంటె, పెళ్లాం పిల్లలు బయట చూస్తున్నరు, జర ఊకోమని తిట్టినరు గద."

"ఏ బండి మీంచి పడ్డారు మీరు?"

ఆయన నీలం మోపెడ్ వైపు చూశాడు. మేమందరం దాని వైపు చూశాం. పెద్దమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు. ముందు ఆమె, తర్వాత ఆయన, చివరికి నేనూ నవ్వాం. నవ్వనిది అమ్మ ఒక్కతే. తన వాదన నిరూపించుకున్నాక నవ్వడం మర్యాద కాదనుకుందేమో.

ఆయన స్టూళ్లు వేయించి ఇరానీ చాయ్ తెప్పించాడు. బండి మంచిదేననీ, తనకే పడలేదనీ, కొన్న మొదటిరోజే తోసేసిందనీ చెప్పాడు. అమ్మ షరతు సంగతి పెద్దమ్మ ఆయన చెవిన వేసింది. విని, చాయ్ సాసర్ పక్కన పెట్టాడు.

"అట్లాంటి బండి ఉన్నది సిస్టరమ్మా. బాలానగర్ల ఒకాయన బ్యాటరీతోటి నడిచే మోపెడ్‌లు జేస్తుండు. పెట్రోలు లేదు, సప్పుడు లేదు. నేను పోయి సూసిన. మరీ మెల్లగ పోతదని కొనలే. కొనుంటే ఈ కుట్లు పడకపోతుండె."

అమ్మ అప్పుడు మొదటిసారి చాయ్ రుచి చూసింది. "ఎంత మెల్లగా?" అని అడిగింది.

బండి కొనడానికి వెళ్లిన మేము బకెట్ కొనుక్కుని వచ్చాం. పెద్దమ్మ బేరమాడి తీసుకున్న గులాబీరంగు బకెట్‌ను బస్సులో నా ఒళ్లో పెట్టింది. దారి పొడుగునా నేను దాన్నే హ్యాండిల్‌లా పట్టుకుని కూర్చున్నాను.

అమ్మకు సెలవు దొరికిన రోజున బాలానగర్ వెళ్లాం. పెద్దమ్మ కూడా వచ్చింది. "కరెంటు నాది, నన్ను అడగకుండ ఎట్ల కొంటరు," అన్నది ఆమె న్యాయం. లేత్ మిషన్ల షెడ్లు వరసగా ఉన్న సందు. ఇనుము కోస్తున్న చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. చివరి షెడ్డు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. లోపల మూడే మూడు బండ్లు: ఎరుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి, ఇంకా రంగు వేయనిది ఒకటి. వాటిని తయారుచేసే ఆయన ఏదో ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి ఈ పని పెట్టుకున్నాడట. మాది గుంటూరని అమ్మ చెప్పగానే తమది తెనాలి అన్నాడు. ఇక మాటలకు అడ్డు లేకపోయింది.

"ఇది చూడండమ్మా," అంటూ ఎర్రబండి సీటు ఎత్తాడు. కింద నల్లటి బ్యాటరీలు రెండు, టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. "రాత్రి ప్లగ్గు పెట్టి పడుకుంటే పొద్దున్నే సిద్ధం. ముప్పై కిలోమీటర్ల దాకా ఢోకా లేదండి. ఒకవేళ దార్లో అయిపోయినా సైకిల్‌లా తొక్కుకుంటూ ఇంటికి పోవచ్చు, పెడల్స్ ఉన్నాయి."

"వేగం ఎంతండీ?" అంది అమ్మ.

ఆయన ముఖం వాడిపోయింది. అంతకుముందు వచ్చినవాళ్లందరూ ఆ ప్రశ్న దగ్గరే లేచి వెళ్లిపోయినట్టున్నారు. బ్యాటరీల వైపు చూస్తూ, "ఇరవై అయిదు దాటదండి," అన్నాడు. "చెప్పకూడదు గానీ ఎత్తు మీద ఇంకా తగ్గుతుందండి."

"ఇంతకన్నా మెల్లగా వెళ్లేది లేదా?"

తల ఎత్తి అమ్మను చూశాడు. ఎగతాళి చేయడం లేదని అర్థమయ్యాక మాకు కుర్చీలు వేశాడు.

ముగ్గురం మూడు రకాలుగా పరీక్షించాం. పెద్దమ్మ కుండ కొనేటప్పుడు చేసినట్టు మూడు బండ్లనూ వేళ్లతో కొట్టి చెవి పెట్టి వింది. అమ్మ బ్రేకులు పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి, నాడి చూసినట్టు చూసింది. నాకు మాత్రం షెడ్డులో అడుగుపెట్టిన క్షణంలోనే ఎర్రబండి మీద మనసు పడిపోయింది. కాని ఆ మాట బయటపెడితే అమ్మకు అనుమానం వస్తుందని, ఆకుపచ్చదాన్ని ఎక్కువసేపు చూస్తూ నిలబడ్డాను. ఆకుపచ్చది బరువు. సీటు పొడుగు, వెనక ఒకరు కూర్చోవచ్చు, కానీ పెడల్స్ లేవు. రంగు వేయని దానికి బ్యాటరీలు ఎక్కువ, ఇంకా దూరం వెళ్తుంది. కానీ దాన్ని స్టాండు మీంచి దించడానికే నా బలం చాలలేదు.

"కరెంటు పోతేనో? మా దిక్కు రోజూ పోతది," అంది పెద్దమ్మ.

"అందుకే పెడల్స్ ఉన్నది మేలు," అంది అమ్మ. "ఎరుపుది నడిపి చూడు."

నా గుండె ఎగిరి గంతేసింది. ముఖం మాత్రం ఆకుపచ్చ బండి వైపే ఉంచాను.

ఎర్రబండిని సందులోకి తీశాం. కాలేజీ రోజుల్లో స్నేహితురాలి మోపెడ్ నడపడం నేర్చుకున్నాను కాబట్టి భయం లేదు. అమ్మ చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి నడుముకు దోపుకుంది. డ్యూటీకి వేసుకునే తెల్లబూట్లు వేసుకుని వచ్చిందని అప్పుడు గమనించాను. ఆమె ఇంటి దగ్గరే అన్నీ ఆలోచించుకుని బయలుదేరింది.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు బండ్లాయన.

"పరిగెడతానండి," అంది అమ్మ.

హ్యాండిల్ తిప్పాను. ఏ చప్పుడూ లేకుండా బండి నన్ను ముందుకు తీసుకెళ్లింది. ఎవరో వెనక నుంచి ప్రేమగా తోసినట్టు ఉంది. పక్కన అమ్మ బూట్ల టపటప. పది గజాలు పక్కనే వచ్చింది. లేత్ మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పనివాళ్లు షెడ్ల ముందుకొచ్చి నిలబడ్డారు. నేను ఇంకాస్త తిప్పాను. టపటప వెనకబడింది. అద్దంలోకి చూస్తే అమ్మ, కొంగు ఒక చేత్తో పట్టుకుని, జడ విడిపోయి, నోరంతా తెరిచి నవ్వుతూ వస్తోంది. అమ్మ నడవడం చూశాను, నిలబడటం చూశాను. డ్యూటీ నుంచి వచ్చి కూర్చున్నచోటే నిద్రపోవడం ఎన్నోసార్లు చూశాను. పరిగెత్తడం ఎప్పుడూ చూడలేదు. చిన్నపిల్లలా చేతులు అటూఇటూ ఆడిస్తూ పరిగెత్తుతోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, బండి వంకర్లు తిరిగింది.

సందు చివర మెరక వచ్చింది. బండి ఊపు తగ్గింది. హ్యాండిల్ ఎంత తిప్పినా అది తన ఇష్టం వచ్చినట్టే ఎక్కుతోంది. టపటప మళ్లీ దగ్గరైంది. వెనక క్యారియర్ మీద చెయ్యి పడింది.

"అందుకున్నాను," అంది అమ్మ ఆయాసపడుతూ.

ఎవరో చప్పట్లు కొట్టారు. అమ్మ దారి పక్కన పడేసి ఉన్న ఇనుప దూలం మీద కూలబడి, డొక్క పట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక గొంతు సవరించుకుని, "చాలు. ఇదే కొనుక్కో," అంది.

మేమిద్దరం షెడ్డు దగ్గరికి తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ దారికి అడ్డంగా నిలబడి ఉంది. "జర దిగు బిడ్డా. నేను ఒక్కసారి కూసుంట."

కూర్చుంటానందే కానీ నడుపుతాననలేదు. అందుకే బండ్లాయన హ్యాండిల్ ఎలా తిప్పాలో సరదాగా చూపించాడు. పెద్దమ్మ సైకిల్ తొక్కగలదన్న సంగతి మా ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు అన్న సైకిలు తీసుకుని పొలాల గట్ల మీద తొక్కేదట, ఆ ముచ్చట తర్వాత చెప్పింది. చీర సర్దుకుని హ్యాండిల్ తిప్పింది. బండి కదిలింది. ఆగలేదు. సందు చివర దాకా వెళ్లి మలుపు తిరిగి మాయమైపోయింది. బండ్లాయన "అమ్మా, అమ్మా" అంటూ వెనక పరిగెత్తాడు. షెడ్డు ముందు కుర్చీలో కూర్చున్న అమ్మ లేచి నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో, ఏ మంచం ఖాళీగా ఉందో లెక్కవేస్తోందో తెలియలేదు.

మేము ఆ మలుపు వైపే కళ్లప్పగించి చూస్తుంటే పెద్దమ్మ మా వెనక నుంచి వచ్చింది. పక్క సందు చుట్టి, ఎవరి షెడ్డు ముందునుంచో, రాణిలా వెన్ను నిటారుగా పెట్టుకుని వచ్చి, కాళ్లు నేలకు రాస్తూ షెడ్డు గోడ దగ్గర ఆగింది.

"బ్రేకు ఏడున్నదో చెప్పలేదు గద," అంది. "గందుకే ఒక చుట్టు తిరిగొచ్చిన."

ఆ రోజు బయానా ఇచ్చి, తర్వాతి వారం మిగతాది కట్టి బండి తీసుకున్నాం. పెద్దమ్మ పసుపు కుంకుమ పెట్టి చక్రం కింద నిమ్మకాయ ఉంచింది. అమ్మ హెడ్‌లైటు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ప్రార్థన కొంచెం పొడవైంది. నిమ్మకాయ పక్కకు దొర్లిపోతుంటే పెద్దమ్మ కాలితో ఆపి పట్టింది, ఆమెన్ అనేదాకా.

ఇంటికి నేను బండి మీద, వాళ్లిద్దరూ నా పక్కన ఆటోలో. అమ్మ ఆటోలోంచి తల బయటపెట్టి, "ఎడమవైపు, ఎడమవైపు ఉండు" అంటూనే ఉంది. మూసాపేట దగ్గర ఆటో ఆయన ఇక తట్టుకోలేక నా వైపు వంగి అడిగాడు.

"అమ్మా, జర జల్దీ పో. గింత మెల్లగ పోతె నా ఆటో బంద్ పడతది."

"మెల్లగనే పోవాలె," అంది పెద్దమ్మ లోపల్నుంచి. "గదానికే కొన్నం."

ఇంటికి రాగానే కింది వంటింటి కిటికీలోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టాం. చార్జర్ మీద ఎర్రదీపం వెలిగింది. పెద్దమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. వీధిలో వాళ్లు వచ్చి చూస్తుంటే, "పాలు తాగుతున్నది, లొల్లి జేయకున్రి," అని పంపేసింది.

సోమవారం పొద్దున నేను అడ్డదారిన బయలుదేరాను. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. రెండు పక్కలా గుండ్రటి బండరాళ్లు, వాటి మధ్య సీతాఫలం పొదలు, అక్కడక్కడా కొత్తగా వేసిన ప్లాట్ల రాళ్లు. బండికి చప్పుడు లేదు కాబట్టి పిట్టల అరుపులు వినబడుతున్నాయి, నా స్కార్ఫ్ గాలికి కొట్టుకోవడం వినబడుతోంది. ఒకచోట దారికడ్డంగా గేదెలు నడుస్తున్నాయి. నేను వెనకే ఉన్నానని వాటికి తెలియదు. హారన్ కొడితే అది దోమ గొంతుతో పలికింది. చివరికి, "అమ్మా, కొంచెం జరగండి" అని నోటితోనే అడిగాను. ఒక గేదె తల తిప్పి చూసి దారిచ్చింది. నాకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. ఎవరూ లేరు కదా అని గట్టిగా నవ్వాను, చర్చిలో పాడే పాటలు గట్టిగా పాడాను, పల్లం వచ్చినప్పుడు రెండు కాళ్లూ చాపాను. మలుపు తిరగ్గానే గుండ్రటి భవనం నా ముందు నిలబడింది. బస్సులో అయితే ఆ సమయానికి ఎర్రగడ్డలో ఉండేదాన్ని.

పార్కింగులో మా టీమ్‌వాళ్లు చుట్టూ మూగారు. పెట్రోలు ట్యాంకు ఎక్కడని వెతికారు. చప్పుడు రాకపోతే స్టార్ట్ అయిందని ఎలా తెలుస్తుందని అడిగారు. కదిలితే తెలుస్తుందన్నాను. మధ్యాహ్నం భోజనం వేళ ఒక్కొక్కరూ ఒక్క చుట్టు అడిగారు. ఒకమ్మాయి బండి నడపడం అదే మొదటిసారి. అరుస్తూ వెళ్లి, నవ్వుతూ వచ్చింది. టీమ్ లీడర్ టై భుజం మీదికి వేసుకుని రెండు చుట్లు తిరిగాడు. ఇంకో టీమ్ వాళ్లు కూడా దిగి వచ్చారు. నాకు ఎవరికీ కాదనాలనిపించలేదు. అంతమంది నా బండిని ముద్దు చేస్తుంటే గర్వంతో ఒళ్లు తెలియలేదు.

సాయంత్రం ఎక్కి హ్యాండిల్ తిప్పితే, బండి గేటు దాకా వచ్చి నిట్టూర్చినట్టు ఆగిపోయింది. మొదటి మెరక ముందే ఉంది. పెడల్స్ తొక్కాను. బ్యాటరీల బరువుకు అవి నా మాట వినలేదు. వెనక నుంచి మా టీమ్‌వాళ్లు చూశారు. చార్జింగ్ తామే తాగేశామని తెలిసి అందరూ కట్టగట్టుకుని వచ్చారు.

"మీరు దిగకండి, కూర్చోండి," అన్నాడు టీమ్ లీడర్. "మేం తోస్తాం."

అలా మొదలైంది ఊరేగింపు. నేను సీటు మీద, రెండు పక్కలా ఇద్దరు, వెనక నలుగురు. ఎవరో టిఫిన్ డబ్బా మీద చెమ్చాతో దరువు వేశారు. ఆ దరువుకు ఇంకొకరు తీన్మార్ అడుగులు వేశారు. ఎదురొచ్చిన ఇసుక లారీ డ్రైవరు పెళ్లి బరాత్ అనుకుని లారీ పక్కకు ఆపి దారిచ్చాడు. మెరక ఎక్కిన తర్వాత పల్లంలో బండి తనంతట తాను జారిపోతుంటే వాళ్లందరూ వెనక పరిగెత్తుకుంటూ వచ్చారు. ముందురోజుదాకా వాళ్లల్లో సగంమందితో నేను సరిగా మాట్లాడింది లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి తెరల్లోకి వాళ్లం చూసుకునేవాళ్లం.

ఇంకా వెలుతురుండగానే మా వీధిలోకి వచ్చాం. పెద్దమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. దరువు విని అమ్మ మేడ మీంచి తొంగిచూసింది. నా చుట్టూ అంతమంది కనబడేసరికి ఆమె రంగు మారింది. మెట్లు దిగి వచ్చి ముందు నా మోచేతులు చూసింది, తర్వాత మోకాళ్లు.

"పడలేదమ్మా. బ్యాటరీ అయిపోయింది."

అమ్మ అందరినీ ఒకసారి చూసింది. చెమటలు కారుతూ, టైలు వదులు చేసుకుని, గోడకు ఆనుకుని రొప్పుతున్నారు. "లోపలికి రండి, నీళ్లు తాగుదురు గాని," అంది. పెద్దమ్మ అప్పటికే బండిని వాళ్ల చేతుల్లోంచి లాక్కుని కిటికీ దగ్గరికి నడిపిస్తోంది. మా రెండు గదుల్లో చోటు చాలక అందరూ మెట్ల మీద కూర్చున్నారు. అమ్మ అటుకుల ఉప్మా చేసింది. పెద్దమ్మ సర్వపిండి చేసి పంపింది. ఒకరిద్దరు వెళ్తూ వెళ్తూ బాలానగర్ షెడ్డుకు దారి అడిగి తెలుసుకున్నారు.

మర్నాడు పొద్దున పార్కింగులో బండి నిలపబోతుంటే సెక్యూరిటీ ఆయన చెయ్యి ఊపి తన గది వైపు రమ్మన్నాడు. వయసు పైబడ్డ మనిషి, ముందురోజు అంత గొడవ జరుగుతుంటే గేటు దగ్గర నిలబడి అంతా చూశాడు. అక్కడ బండి పెట్టినందుకు మందలిస్తాడనుకున్నాను. ఆయన గది కిటికీలోంచి ఒక వైరు వేలాడుతోంది. చివర సాకెట్ ఉంది. లోపల బల్ల మీద ఫ్యాను, దాని ప్లగ్గు తీసి పక్కన పెట్టి ఉంది.

"ఈడ పెట్టుకోండి మేడమ్," అన్నాడు. "చలికాలమే గద, నాకు పంకా అవసరం లేదు."

"ఎండాకాలం వస్తేనో?"

"అప్పటికి రెండు ప్లగ్గుల బోర్డు పెట్టిస్త."

చార్జర్ తీసి ఆ సాకెట్‌లో పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. ఆయన బండికి ఎండ తగలకుండా, తన నీడ దాని మీద పడేటట్టు కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. నేను మెట్లెక్కి, హెడ్‌ఫోన్లు పెట్టుకునే ముందు పక్క బల్ల అమ్మాయిని నిన్న బండి తోసినందుకు కాళ్లు నొప్పులు పుట్టాయా అని అడిగాను. పుట్టాయంది, అయినా రేపు మళ్లీ ఒక్క చుట్టు ఇస్తావా అంది.